పాట మనది, పేరు ప్లేయరుది



కంప్యూటరులో గాని చేతి ఫోనులో గాని పాటలు దాచుకొని వినెడి వారికందరికిని ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడెడి ఒక వ్యవహారమును గూర్చి ఈ సాయంకాలము ముచ్చటింపదలచితిని. చూచుటకు చిన్నదే కాని, దాని వలన కలుగు చికాకు చిన్నది కాదు. ఏండ్ల తరబడి కూడబెట్టిన పాటలకు ఒక్కొక్కదానికి గాయకుని పేరు, చిత్రము పేరు, సంగీత దర్శకుని పేరు, సంవత్సరము ఓపికతో వ్రాసి పెట్టుకొన్న వారొకరు, క్రొత్తగా తెచ్చుకొన్న ప్లేయరు సాఫ్ట్‌వేరునకు ఆ ఫోల్డరును చూపి, వీనిని నీ జాబితాలో చేర్చుకొమ్మని మీట నొక్కి, కాఫీ త్రాగి వచ్చునప్పటికి, పాటలన్నియు ఉన్నచోటనే ఉండి, వాని పేర్లు మాత్రము మారి యుండును. ఎవరు మార్చమన్నారని అడుగుదమన్న, ఎదుట మనిషి యెవ్వడును ఉండడు.

ఇది ఎట్లు సంభవించునో తెలియవలెనన్న పాట ఫైలు యొక్క కట్టుబడిని కొంచెము విప్పి చూడవలెను. మనము ఎంపీత్రీ అని పిలుచుకొను ఫైలులో ధ్వని ఒక్కటియే ఉండదు. ఆ ధ్వని ఎవరిది, ఏ చిత్రములోనిది, ఏ యేటిది అని తెలుపు అక్షరభాగము కూడ అందులోనే ఇమిడి యుండును. దానినే ట్యాగ్ అందురు. ధ్వనియు ట్యాగును ఒకే ఫైలునందు కాపురముండుట చేత, ట్యాగులో ఒక్క అక్షరము సవరించినను సవరింపబడునది ఆ ఫైలే. తెర మీద కనబడు పట్టికలో పేరు మారుట వేరు, డిస్కు మీది ఫైలులో పేరు మారుట వేరు; మొదటిది ప్లేయరును తీసివేసిన తోడనే పోవును, రెండవది ప్లేయరు పోయినను పోదు. ఈ భేదమును తెలియకపోవుట వలననే సగము రభస పుట్టుచున్నది.

అసలు యంత్రములకు పాటల పేర్లను ఇంటర్నెట్టు ద్వారా ఊరివారిని అడిగి తెలిసికొను అలవాటు ఎచ్చట నుండి వచ్చినదనగా, సీడీల కాలము నుండి వచ్చినది. 1982లో ఆడియో సీడీ బజారునకు వచ్చినప్పుడు దానిలో పాటలు తప్ప పాటల పేర్లు లేవు. పేర్లను అట్ట మీద చదువుకొనవలసినదే. 1990లలో టీ కాన్, స్టీవ్ షెర్ఫ్ అనువారు ఈ లోపమును పూడ్చుటకు సీడీడీబీ అను పట్టికను నడిపిరి. సీడీలో పాటలెన్ని, ఒక్కొక్కటి ఏ సెకను వద్ద మొదలగును, మొత్తము నిడివి ఎంత అను లెక్కలను కలిపి ఎనిమిది స్థానముల గుర్తు నొకదానిని తయారుచేసి, ఆ గుర్తునకు ఎదురుగా లోకములోని శ్రోతలు తమంత తాము కొట్టి పంపిన పేర్లను భద్రపరచిరి. ఎంత చతురమైన ఉపాయమో చూడుడు! అయినను, రెండు వేర్వేరు సీడీలకు లెక్కలు కలసివచ్చి ఒకే గుర్తు ఏర్పడుటయు, పేర్లు పంపిన వాని అక్షరదోషములు దేశదేశముల సీడీలకు అంటుకొనుటయు తప్పలేదు. ఖాళీగా ఉన్న చోట ఏదో యొక పేరు వచ్చుటయే లాభముగా నుండిన కాలమది గనుక, ఎవ్వరును ఆక్షేపింపలేదు. ఆ అలవాటే తరువాతి కాలమున, పేర్లు నిండుగా నున్న ఫైళ్ల మీద కూడ పనిచేయ మొదలుపెట్టినది.

ఎంపీత్రీకి తొలి ట్యాగు 1996లో వచ్చినది. ఎరిక్ కెంప్ అను నతడు దానిని కల్పించెను. ఐడీ3 అని దాని పేరు. ఫైలు చిట్టచివర సరిగా 128 బైట్లు మాత్రమే దానికి చోటు: పాట పేరునకు 30, కళాకారునకు 30, ఆల్బమునకు 30, సంవత్సరమునకు 4, వ్యాఖ్యకు మరియొక 30, పాట తరగతికి 1, మొదటి గుర్తునకు 3. ఆ ముప్పది బైట్లు ఇంగ్లీషు వానికి ముప్పది అక్షరములు. మన తెలుగు అక్షరమునకు, గుణింతపు గుర్తునకు, నేడు వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు పట్టును. త్యాగరాజస్వామి శ్రీరాగ పంచరత్నమైన ‘ఎందరో మహానుభావులు’ అను పేరును ఎవరైన ఆ గదిలో దూర్పబోయినచో, దానికి 49 బైట్లు కావలసి యుండగా ఉన్నవి 30 గనుక, ‘ఎందరో మహాన’ వరకు వచ్చి, తరువాతి కొమ్ము మూడింట రెండు వంతులు లోపలికిని ఒక వంతు వెలుపలికిని తెగి, అక్కడ ఏ భాషకును చెందని ఒక గుర్తు మిగులును. నిజమునకు ఆ గది తెలుగు కొరకు కట్టినదే కాదు. అది పాశ్చాత్యదేశపు లిపికి మాత్రమే ఉద్దేశింపబడినది. కావున చాల ప్లేయర్లు ఇంత శ్రమ కూడ పడక, తెలుగు అక్షరములున్న చోటనెల్ల వరుసగా ప్రశ్నార్థకములను నింపి ఊరకుండును.

తరగతికి ఇచ్చిన ఆ ఒక్క బైటు కథ మరియు విచిత్రము. అందులో పేరు వ్రాయుటకు వీలులేదు. సంఖ్య మాత్రమే వేయవలెను. మొదట 80 తరగతులకు సంఖ్యలు నిర్ణయించిరి. పోల్కా నృత్యమునకు అందులో సంఖ్య కలదు. కర్ణాటక సంగీతమునకు లేదు, హిందుస్థానీకిని లేదు. పోనీ అనుకొన్నను, వరుసలో సున్న సంఖ్య బ్లూస్ అను అమెరికా నల్లజాతివారి విషాదగానమునకు దక్కినది. ఏ సాఫ్ట్‌వేరైనను అజాగ్రత్తగా ఆ బైటును సున్నతో వదలివేసినచో, పాట ఏదైనను సరే, అది బ్లూస్ తరగతిలో చేరిపోవును. ఒకరి కంప్యూటరులో హరికథ ఆ తరగతిలో కనబడగా నేను కన్నులార చూచితిని. దోషము ఎవరిదియు కాదు, సున్నది.

ఈ ఇరుకును పోగొట్టుటకు 1998లో ఐడీ3 రెండవ అవతారమెత్తినది. ఈ సారి ట్యాగు ఫైలు చివర గాక మొదట చేరినది. ఎంత కావలెనన్న అంత పెరుగుటకు దానికి స్వాతంత్ర్యము వచ్చినది. యూనికోడు లిపికి, తత్కారణముగా తెలుగునకు, తలుపు తెరచినది. పాట పేరునకు ఒక గడి, స్వరకర్తకు ఒక గడి, గీతరచయితకు ఒక గడి, చివరకు అట్టమీది బొమ్మకు కూడ ఒక గడి ఏర్పడినవి. ఇందులో టీపీఈ2 అను గడి యొకటి కలదు. ప్రమాణగ్రంథము ప్రకారము అది వాద్యబృందమునకు, అనగా సహవాద్యములకు ఉద్దేశింపబడినది. కచేరీలను భద్రపరచుకొను రసికుడొకడు నియమము చదివి, వయొలిన్ విద్వాంసుని పేరును మృదంగ విద్వాంసుని పేరును ఆ గడిలో వ్రాసికొన్నాడనుకొందము. అతడు చేసినది శాస్త్రసమ్మతము. కాని విండోస్ మీడియా ప్లేయర్, ఐట్యూన్స్ మొదలగు ప్రసిద్ధమైన ప్లేయర్లు ఆ గడిని మొత్తము ఆల్బమునకు అధిపతియైన కళాకారుని పేరుగా గ్రహించు ఆచారమును స్థిరపరచినవి. ఫలితమేమనగా, గాయకుని కచేరీ పక్కవాద్యగాని కచేరీగా జాబితాకెక్కును. లేదా ప్లేయరు తన ఆచారము ననుసరించి ఆ పేర్లను తుడిచి గాయకుని పేరును అచ్చట నిలుపును. శాస్త్రము, లోకాచారము విరోధించినప్పుడు ఇక్కడ ఆచారమే గెలిచినది. రాగమునకైతే ఈ రెండవ అవతారమున కూడ ప్రత్యేకమైన గడి లేదు. పాశ్చాత్యుల శ్రుతికి ఒకటి ఉన్నది గాని, అందులో మూడక్షరములు మించి పట్టవు. శంకరాభరణము అందులో ఎట్లు పట్టును? అందుచేత మనవారు రాగమును వ్యాఖ్య గడిలో వ్రాసికొందురు. ఆ గడినే చాల సాఫ్ట్‌వేర్లు తమ సొంత గుర్తులు వ్రాసికొనుటకు కూడ వాడుకొనుచుండును.

తెనాలి వైపున ఉద్యోగవిరమణ చేసి స్థిరపడిన మా మిత్రులొకరున్నారు. పాత చిత్రముల పాటలనిన వారికి ప్రాణము. క్యాసెట్ల నుండి, గ్రామఫోను పళ్ళెముల నుండి తామే కంప్యూటరులోనికి ఎక్కించుకొన్న పాటలకు, కూర్చుండి, వెండితెర మీది పేర్లనే గాక తాము పెద్దలను అడిగి తెలిసికొన్న సంగతులను కూడ ట్యాగులలో వ్రాసికొన్నారు. 1957 నాటి ‘మాయాబజార్’ సంగతి మీకు తెలియును గదా. దాని సంగీత దర్శకుడు ఘంటసాల అని లోకప్రసిద్ధము. అయితే అందులో కొన్ని పాటలకు బాణీలు కట్టినవారు సాలూరి రాజేశ్వరరావుగారనియు, వారు తప్పుకొన్న పిదప ఘంటసాల ఆ బాధ్యత వహించిరనియు సంగీతాభిమానులు ఎరుగుదురు. మా మిత్రులు ఆ పాటల స్వరకర్త గడిలో రాజేశ్వరరావుగారి పేరును, దాని ప్రక్క తమ వివరణను వ్రాసికొన్నారు. వారి కుమారుడు మేలు చేయదలచి క్రొత్త ప్లేయరు నొకదానిని స్థాపించి, ఫోల్డరంతయు అందులోనికి దిగుమతి చేసి పెట్టెను. మరునాటికి ఆ చిత్రపు పాటలన్నిటికిని స్వరకర్త ఘంటసాల ఒక్కడే, వివరణ లేదు. ప్లేయరు చెప్పినది తప్పని అనలేము, టైటిల్సులో ఉన్నది అదే. వారు వ్రాసికొన్నది ఒప్పు కాదనియు అనలేము. యంత్రము ఎక్కువమంది నమ్మినదానిని నిలిపి, ఒక్కడు శ్రమించి తెలిసికొన్నదానిని తీసివేసినది.

అంతకంటె వారిని కోపమునకు గురిచేసినది ‘దేవదాసు’. ఆ పేరుతో తెలుగులో 1953లో అక్కినేని నటించిన చిత్రము వచ్చినది, సి.ఆర్. సుబ్బరామన్ సంగీతముతో, 1974లో కృష్ణ నటించినది వచ్చినది, రమేశ్ నాయుడు సంగీతముతో, 2006లో వేరొక కథతో వేరొక దేవదాసు వచ్చినాడు, చక్రి సంగీతముతో. ప్లేయరు పేరును మాత్రమే చూచి ఇంటర్నెట్టులో వెదకినది. దొరికినవానిలో క్రొత్తది ముందు దొరికినది. ఆ బొమ్మను, ఆ సంవత్సరమును తెచ్చి పాత పాటలకు అతికించినది. ఘంటసాల గొంతు వినబడుచుండగా తెర మీద 2006 నాటి నాయికానాయకులు నవ్వుచుండిరి. మా మిత్రులు ఆ నవ్వును నేటికిని క్షమింపలేదు.

ధ్వనిని బట్టియే పోల్చునట్టి పద్ధతులు కూడ నేడు వచ్చినవి. పాటలోని కొంత భాగము నుండి ఒక వ్రేలిముద్ర తీసి, దానిని పెద్ద పట్టికలోని ముద్రలతో సరిచూచెదరు. దీనివలన పాట ఏదో గుర్తించుట బహుధా సరిగానే జరుగును. కాని పాత పాట ఒక్కటే ‘ఆణిముత్యములు’ అని, ‘మధురగీతములు’ అని పది సంకలనములలో అచ్చయి యుండును గదా. వానిలో ఏ సంకలనము పేరు మీ ఫైలునకు దక్కునో చెప్పజాలము. 1951 నాటి ‘మల్లీశ్వరి’ పాటకు ఏదో సంకలనపు సీడీ వెలువడిన సంవత్సరము అంటుకొనుట ఈ మార్గముననే. మూలము వెలువడిన సంవత్సరమునకు ఐడీ3లో వేరుగా ఒక గడి ఉన్నమాట నిజమే గాని, దానిని నింపువారు అరుదు, చదువు ప్లేయర్లు అంతకంటె అరుదు.

ఇక దిగుమతి అను సమయముననే ఇవన్నియు ఏల జరుగవలెను? ప్లేయరు మొదటిసారి ఫోల్డరును చదువునప్పుడు తన పట్టికకు కావలసిన రీతిలో పేర్లు లేనిచో సర్దుబాటు చేసికొనును; ట్యాగు పాత పద్ధతిలో ఉన్నచో తనకు నచ్చిన పద్ధతిలోనికి మార్చును; పాటకు మీరిచ్చిన నక్షత్రములను, ఎన్నిమారులు విన్నారను లెక్కను, తన లోపలి గుర్తులను కూడ ఫైలులోనే వ్రాయునవి కొన్ని. విండోస్ మీడియా ప్లేయరులో ఇంటర్నెట్టు నుండి సమాచారమును తెచ్చుకొను ఏర్పాటునకు రెండు మార్గములుండెడివి: లేని వివరములను మాత్రమే చేర్చుట యొకటి, ఉన్న వివరములన్నిటి మీదను క్రొత్తవి వ్రాయుట రెండవది. ఈ రెంటికి నడుమ ఒక్క చుక్క పెట్టుటలోనే భేదము. ఫైళ్ల పేర్లను, వాని ఫోల్డర్లను కూడ తన నియమము ప్రకారము మార్చునట్టి గడులు ఆ ప్రక్కనే వేరుగా ఉండెడివి. ఐట్యూన్సులోను ఫోల్డరును క్రమపరచునట్టి గడి యున్నది. కాని పాటలను చేర్చునప్పుడు తన ఫోల్డరులోనికి నకలు తీసికొనునట్టి గడి కూడ ఉండుట చేత, దానిని ఎన్నుకొన్నవారికి మార్పులు నకలు మీదనే పడి, మూలము సురక్షితముగా ఉండును.

ఫైలులోనే వ్రాయుటను సమర్థించువారి మాటయు కొట్టివేయదగినది కాదు. ప్లేయరు తన సొంత పట్టికలో మాత్రమే సవరణలు దాచుకొన్నచో, మీరు కంప్యూటరు మార్చిననాడు ఆ శ్రమ అంతయు పోవును. ఫైలులో వ్రాసినచో పాట ఎచ్చటికి పోయిన అచ్చటికి పేరు వెంటపోవును. ఇది న్యాయమే. మీరు చేసిన సవరణకు ఇది వర్తించును. మీరు చేయని సవరణకు ఎట్లు వర్తించును? ఒక పండితుడు తన పుస్తకములను వేటపాలెము సారస్వత నికేతనము వంటి గ్రంథాలయమునకు అప్పగించినాడనుకొనుడు. అచ్చటి ఉద్యోగి పుస్తకములను చూచి తన పట్టికలో తనకు తోచిన శీర్షిక క్రింద వ్రాసికొనును. అది వాని ధర్మము. పుటల అంచులలో పండితుడు వ్రాసికొన్న వ్యాఖ్యలను గీకివేసి, అచ్చు పుస్తకములో ఇట్లు లేదు గదా అనినచో మనము ఒప్పుదుమా? చేర్చుకొమ్మనుట చదువుకొమ్మనుటయే, వ్రాయుటకు అనుమతి వేరుగా అడుగవలెను, అడిగినప్పుడు ఏమి వ్రాయబోవునో ముందు చూపవలెను.

ఈ మార్పుల వలన కలుగు నష్టములలో జనులు గుర్తింపనిది యొకటి కలదు. ట్యాగు మారినప్పుడు ధ్వనికి హాని కలుగదు. పాట మునుపటి వలెనే వినబడును. కాని ఫైలు మార్పు తేది మారును, దాని లోపలి బైట్లు మారును. వారమునకొకమారు వేరొక డిస్కునకు నకలు తీసెడి సాఫ్ట్‌వేరు దీనిని చూచి, ఈ ఫైళ్లన్నియు క్రొత్తవని భావించి, చెడిన పేర్లున్న ఫైళ్లను తీసికొనిపోయి మంచి నకళ్ల మీద వ్రాయును. మా మిత్రులకు ఇదియే జరిగినది. దిగుమతి జరిగినది శనివారము. నకలు తీయునది ఆదివారము రాత్రి. వారు గమనించినది సోమవారము. ఆపదకు దాచుకొన్నది ఆపదనే దాచిపెట్టినది. మరియు, ట్యాగు ఫైలు మొదట ఉండుట చేత, అందులోనికి పెద్ద బొమ్మ యొకటి చేరినచో, ముందు వదలి పెట్టిన ఖాళీ చాలక ధ్వనిభాగమునంతటిని వెనుకకు జరిపి ఫైలు మొత్తము తిరిగి వ్రాయవలసి వచ్చును. వేలకొలది పాటలకు ఈ పని జరుగుచుండగా కరెంటు పోయినచో ఏమగునో నేను చెప్పనక్కరలేదు.

పాటలో పేరును పాట నుండి విడదీయరాని విధముగా పొదుగుట యెట్లో మన పూర్వులకు తెలియును. త్యాగరాజస్వామి చరణమున తన పేరుంచెను. క్షేత్రయ్య మువ్వగోపాలుని నిలిపెను. ఆ ముద్రను తీయవలెనన్న పాటనే చెరుపవలెను. గ్రామఫోను తొలి దినములలో కూడ ఇట్టి చమత్కారమొకటి జరిగినది. 1902లో కలకత్తా నగరమున గౌహర్ జాన్ పాడిన పాటలను రికార్డు చేసినప్పుడు, అవి అచ్చగునది జర్మనీలోని హానోవరు పట్టణమున గనుక, అచ్చటి పనివారు పాట యెవరిదో తెలియక తికమకపడకుండుటకై, పాట ముగియగానే ఆమె తన పేరును ఇంగ్లీషులో తానే ప్రకటించెడిది. నూరేండ్లు గడచినవి, ఆ ధ్వనిని ఎన్ని రూపములలోనికి మార్చినను ఆమె పేరు ఆమె గొంతుతోనే వచ్చుచున్నది. ఏ ప్లేయరును దానిని సరిదిద్దజాలదు.

అయితే పూర్వులు వ్రాసిన పేరు కూడ ఎల్లప్పుడు సమస్యను తీర్చదు. తిరుమలలో దొరికిన తాళ్లపాకవారి రాగిరేకుల మీద సంకీర్తనకు రాగము పేరు చెక్కియున్నది. నేడు మనము వినెడి అన్నమయ్య పాటలలో అనేకములకు ఇరువదవ శతాబ్దపు విద్వాంసులు వేరు రాగములలో బాణీలు కట్టిరి. ఫైలులో ఏ రాగము వ్రాయవలెను, రేకు మీదిదా, చెవికి వినబడునదా? నేనైతే రెండును వ్రాసెదను. వేరొకరు ఒకటే వ్రాయుదురు. ఆ నిర్ణయము పాట దాచుకొన్నవానిది.

ఇక జాగ్రత్తల మాట. క్రొత్త ప్లేయరును తెచ్చినప్పుడు మొదట మొత్తము సంగ్రహమును చూపక, నాలుగు పాటల నకళ్లను వేరు ఫోల్డరులో పెట్టి, వానిని మాత్రము దిగుమతి చేసి, ఫైలు తేదీలు మారినవా లేవా అని చూచుట ఉత్తమము. సెట్టింగులలో ఇంటర్నెట్టు సమాచారము, ఫైళ్ల పునర్వ్యవస్థీకరణ అను మాటలున్న గడులను ముందే ఖాళీ చేయవలెను. ఫైళ్లకు చదువుటకు మాత్రమే అను గుర్తు పెట్టినచో కొంత రక్షణ కలుగును. ఫూబార్2000 వంటి ప్లేయర్లు మీరు ఆజ్ఞాపించిననే తప్ప ట్యాగులను ముట్టవు. మ్యూజిక్‌బ్రెయిన్జ్ వారి పికార్డ్ కూడ పేర్లను ముందు చూపించి, మీరు సేవ్ అను మీట నొక్కిన పిదపనే ఫైలులో వ్రాయును, పాత తేదిని నిలిపి ఉంచు సౌకర్యమును కూడ కల్పించును. ఎంపీ3ట్యాగ్ అను దానితో ట్యాగులన్నిటిని ఒక పట్టికగా ఎగుమతి చేసి దాచుకొన్నచో, ఏ ఉపద్రవము వచ్చినను తిరిగి నింపుకొనవచ్చును. ఆ పట్టిక ఎంత పెద్ద సంగ్రహమునకైనను కేవలము టెక్స్టు మాత్రమే; ఈమెయిలులో తమకు తామే పంపుకొనవచ్చును.

మా మిత్రులు ఆ పట్టిక చేసికొని యుండలేదు. అయినను పూర్తిగా నిరాశపడవలసిన పని లేకపోయినది. వారి కుమారుడు తెచ్చిన ఆ ప్లేయరు ఫైలు మొదటనున్న క్రొత్త ట్యాగును మాత్రమే తిరుగవ్రాసి, చివరనున్న 1996 నాటి పాత ట్యాగును, దాని ఉనికినే మరచిపోయినట్లు, ముట్టక వదలినది. వారు తొలినాళ్లలో పేర్లను ఇంగ్లీషు లిపిలో వ్రాసికొన్నవారు గనుక, ఆ 128 బైట్లలో పాట పేరు, గాయకుడు, చిత్రము ముప్పదేసి అక్షరముల వరకును, సంవత్సరము పూర్తిగాను చెక్కుచెదరక నిలిచియున్నవి. దేవదాసు మరల 1953కు వచ్చినాడు. స్వరకర్తకు ఆ పాత ట్యాగులో గడి లేదు. రాజేశ్వరరావుగారి పేరును, వివరణలను వారు ఇప్పుడు ఒక్కొక్క పాటను విని తిరిగి వ్రాయుచున్నారు. ఈ మారు తెలుగులోనే వ్రాయుచు, ప్రతి శనివారము పట్టిక ఎగుమతి చేయుచు, కుమారునకు ఆ కంప్యూటరు పాస్‌వర్డు మాత్రము చెప్పకున్నారు.